చిల్లుచెంబు, చెక్కపెట్టె

ఆగరా అబ్బాయ్, ఆగు! ఆ పెట్టె కింద పెట్టు. భోగి మంటలో పాత సామాన్లు వెయ్యమన్నారు గానీ తాత ప్రాణం వెయ్యమనలేదు. విరిగిన కుర్చీకాలు ఉంది, అది వెయ్యి. అరిగిపోయిన చీపుళ్లు రెండున్నాయి, అవీ వెయ్యి. ఈ పెట్టె మాత్రం ఇలా నా ఒళ్లో పెట్టి, నువ్వా పీట లాక్కుని కూర్చో. కాగులో నీళ్లు కాగడానికి ఎలాగూ గంట పడుతుంది. ఆ ఫోను జేబులో పెట్టు. తెల్లారకుండా దాంట్లో నీతో మాట్లాడేవాళ్లెవర్రా?

అటక మీద మూడు ట్రంకుపెట్టెలున్నాయని నీకు తెలుసు. వాటిలో ఏముందో ఎప్పుడూ అడగలేదు. మీ నాన్నా అడగలేదు. మీ అమ్మ మాత్రం పండగ దులుపుళ్లప్పుడల్లా "మామయ్యగారూ, ఈ సామాను ఎవరికైనా ఇచ్చేద్దామా?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. మీ నాయనమ్మకి ఆ మర్యాద కూడా లేదు. యాభై ఏళ్లుగా దాన్ని "గారడీవాడి మూట" అనే అంటోంది. తప్పేముందిలే, ఉన్నమాటే. గారడీ సామానే అది. ఒకడు తపాలా బిళ్లలు పోగేస్తాడు, ఇంకొకడు కాలం చెల్లిన నాణేలు పోగేస్తాడు. నేను జనం చేత నోరు తెరిపించిన వస్తువులు పోగేశాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఈ పిచ్చి నాకు వి.పి.పి.లో వచ్చింది. నవ్వకు, నిజంగానే. ఇప్పుడు మీరు ఫోన్లో నొక్కితే కుర్రాడెవడో బండి మీద తెచ్చిచ్చి డబ్బు పుచ్చుకుపోతాడు చూడు, మా రోజుల్లో ఆ పని పోస్టుమాన్ చేసేవాడు. కార్డుముక్క రాసి పడేస్తే పార్శిల్ ఇంటికొచ్చేది, డబ్బిచ్చి విడిపించుకోవాలి. 1958లో నాకు పద్నాలుగేళ్లు. ఒక వారపత్రిక చివరి పేజీల్లో, తలనూనెకీ చేతి గడియారానికీ మధ్య ఇరుక్కుని, వేలెడంత ప్రకటన కనిపించింది. మాయపెట్టె, అందులో కాసు వేస్తే మాయమట, చూసినవాళ్లు నిర్ఘాంతపోతారట. వెల మూడు రూపాయల యాభై నయాపైసలు.

నయాపైసలంటే గుర్తొచ్చింది. 1957 ఏప్రిల్లో వచ్చాయవి. కొన్నాళ్లు అణాలూ నయాపైసలూ కలిసే తిరిగాయి. లెక్కప్రకారం అణాకి ఆరుంపావు నయాపైసలు. ఆ పావు నయాపైస ఎక్కడుంది? అది ఎవరి చేతిలోనూ ఎప్పుడూ కనపళ్లేదు. మనం ఇచ్చేటప్పుడు అణా అంటే ఏడు, మనకి చిల్లర ఇచ్చేటప్పుడు అణా అంటే ఆరు. మా కిరాణా కొట్టు శెట్టిగారి ముందు ఏ గారడీవాడూ పనికొచ్చేవాడు కాదు. సరే, ఎక్కడున్నాం? మూడున్నర రూపాయలు. పావలా పెడితే రెండిడ్లీ, కాఫీ వచ్చే రోజుల్లో మూడున్నర అంటే పిల్లాడికి ఆస్తి. మా అమ్మమ్మ పోపుల డబ్బాలో మెంతుల అడుగున చిల్లర దాచేది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఇక చెప్పేదేముంది?

పార్శిలొచ్చింది. అట్టపెట్టె నిండా రంపపు పొట్టు, దాని నడుమ అగ్గిపెట్టెకి అన్నలాంటి చెక్క సొరుగు. కాసు వేసి, సొరుగు లోపలికి తోసి, బయటికి లాగితే కాసు లేదు. తిప్పి చూశాను. అడుగున ఇంకో పల్చటి పలక ఉంది. అది కాసు మీద రెప్పలా వాలుతోంది. కాసు ఎక్కడికీ పోలేదు, దాని కిందే కునుకు తీస్తోంది. "ఇంతేనా?" అన్నాను. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కొండని తవ్వి ఎలకని పట్టినట్టైంది నా పని. మా నాన్న, వెనక్కి పంపేసి డబ్బు తెప్పించుకోమన్నారు. రాశాను. పది రోజులకి జవాబు వచ్చింది. మేము అమ్మింది పెట్టె కాదు, రహస్యం, అది మీకు తెలిసిపోయాక తిరిగి ఎలా పుచ్చుకుంటాం, అని. మా నాన్న ఆ కార్డు రెండుసార్లు చదివి, "వీడెవడో లాయరు కావలసినవాడురా" అన్నారు. లోకమంతా ఈ సామాను అమ్మేవాళ్ల న్యాయం అదేనని నాకు తర్వాత తెలిసింది.

ఏడుపు తగ్గాక ఆ సొరుగు తీసుకెళ్లి మా అమ్మమ్మకి చూపించాను. కాసు వేశాను, మూశాను, తీశాను. ఆవిడ నోరు తెరిచి బుగ్గన వేలు పెట్టుకుంది. పెట్టెలో కనపడని వింత ఆవిడ మొహంలో కనపడిందిరా! మళ్లీ చెయ్యమంది. మళ్లీ చేశాను. మూడోసారి సొరుగు తట్టి కాసు తిరిగి రప్పించి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వాసన చూసి, "ఇది మెంతుల్లోంచి వచ్చిందిరా సన్నాసీ" అంది.

ఆ రోజుల్లో గారడీ మనింటికే వచ్చేది. పొద్దెక్కాక డమరుకం మోత వినపడితే చాలు, బళ్లో పంతులుగారు కూడా కిటికీలోంచి తొంగి చూసేవారు. గారడీవాడు ముందు ఓ పాము బుట్ట, ఓ ముంగిస తెచ్చి పెట్టేవాడు. రెండింటికీ పోట్లాట పెడతానని గంటసేపు ఊరించేవాడు. నా జీవితంలో ఆ పోట్లాట నేను చూడలేదు. మా నాన్నా చూడలేదట. ఈలోగా మామిడి టెంక పాతి గుడ్డ కప్పి మొక్క మొలిపించేవాడు, దుప్పటి కప్పుకుని పడుకున్న పిల్లాడి చేత ఎవరి జేబులో ఏముందో చెప్పించేవాడు, ఆఖర్న తాయెత్తులు అమ్మేవాడు. తాయెత్తు అణా. దుప్పటి కిందున్న పిల్లాడు వెళ్లిపోయేటప్పుడు మా అందరికంటే ఆకలిగా చూసేవాడు. అది మాకప్పుడు పట్టలేదు.

పెళ్లిళ్లలో అయితే విప్రవినోదులు వచ్చేవారు. వాళ్లదీ గారడీయే గానీ మర్యాద వేరు. బ్రాహ్మల సభలో కూర్చుని, పైపంచె చాటున చెయ్యి పెట్టి పళ్లూ కుంకుమా దేవుడి బొమ్మలూ తీసేవారు. మా బాబాయి పెళ్లిలో చూశాను. అందరూ దణ్ణాలు పెడుతున్నారు, నేను మాత్రం ఆయన మోచెయ్యి చూస్తున్నాను. ఆ మోచెయ్యి ఏమీ చెప్పలేదు. నా ట్రంకుపెట్టెల్లో వాళ్ల వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉండడానికి వాళ్ల దగ్గర వస్తువేముంది? ఓ పైపంచె, ఓ చెయ్యి.

ఇదిగో, ఈ సంచిలో చెయ్యి పెట్టు. మూడు గిన్నెలు తగిలాయా? తియ్యి. ఇవి గారడీ గిన్నెలు. దొరలు చేసే గిన్నెలు గ్లాసుల్లా ఉంటాయి. మనవి చూడు, బోర్లించిన చిన్న గంటల్లా ఉంటాయి, పైన బొడిపె ఉంటుంది. ఆ బొడిపెని రెండు వేళ్ల మధ్య ఇరికించి ఎత్తుతారు. అప్పుడు మిగతా వేళ్లకి తీరికే తీరిక. గుడ్డ ఉండ ఏ వేళ్ల సందున నిద్రపోతోందో బ్రహ్మకైనా తెలీదు. కేరళలో వాళకున్నం నంబూదిరి గారని ఒకాయన ఉండేవారు. ఈ ఒక్క ఆటతో పేరు తెచ్చుకున్న మనిషి. చెప్పుం పందుం అంటారు వాళ్లు. ఈ మూడో గిన్నె బొడిపె తడిమి చూడు. మిగతా రెండింటికంటే నున్నగా, ఒకవైపు నొక్కుకుపోయి ఉంది కదూ? ముప్పై నలభై ఏళ్లపాటు ఒకే మనిషి చూపుడువేలు అక్కడ ఆనింది. ఆయన్ని నేను మా ప్లాట్‌ఫారం మీద చూశాను. కళ్లు మసకలొచ్చాక సొంత ఊరు పోతున్నాడు. గిన్నెలు అమ్ముతావా అన్నాను. "గిన్నెలకైతే పన్నెండు రూపాయలు బాబూ, నేర్పడానికైతే వంద, బండి రాత్రికి గానీ లేదు" అన్నాడు. నేను తెలివైనవాణ్ణి కదా, పన్నెండే ఇచ్చాను. సాయంత్రం దాకా ఖాళీగా కూర్చున్నాడు పాపం. నేనూ ఆఫీసులో ఈగలు తోలుకుంటూ ఖాళీగానే ఉన్నాను.

నా ఉద్యోగం సంగతి చెప్పలేదు కదూ. బెజవాడలో పార్శిల్ గుమాస్తాని. మూలజీతం 110 రూపాయలు, దాని మీద కరువుభత్యం. చేపల బుట్టలు, తమలపాకుల కట్టలు, నాటక సమాజాల తెరలు, సర్కసు వాళ్ల గుడారాలు, అన్నీ నా బల్ల ముందు నుంచే పోయేవి. రైలు ఉద్యోగంలో ఇంకో సుఖం పాసు. కొత్తగా పెళ్లైనవాడెవడైనా పాసు పెట్టి పెళ్లాన్ని తిరుపతి తీసుకెళతాడు. నేను 1966లో హౌరా మెయిలెక్కి ఒంటరిగా కలకత్తా పోయాను, పి.సి. సర్కార్ ఇంద్రజాలం చూడ్డానికి. మీ నాయనమ్మ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. కావాలంటే వంటింట్లోకి వెళ్లి అడుగు. వద్దులే, పండగపూట.

సర్కార్ గారిది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగాయిల్ వైపు. 1913లో పుట్టారు. సర్కార్ అనే ఇంటిపేరునే ఇంగ్లీషులో మాంత్రికుడనే మాట తగిలేలా అక్షరాలు మార్చి రాసుకున్న గడుసువాడు. మహారాజు తలపాగా, కలికితురాయి, జరీ కోటు వేసుకుని తెర లేవగానే ఏనుగంబారీ దిగినట్టు వచ్చేవాడు. 1950లో న్యూయార్కు వీధుల్లో కళ్లకి గంతలు కట్టుకుని సైకిలు తొక్కాడు. మన ఇంద్రజాలికుడు పట్టాభిరామ్ గారు ఆ తర్వాత హైదరాబాదులో అలాగే స్కూటరు నడిపారు. మన ఊళ్లో కళ్లు తెరుచుకుని నడిపేవాళ్లకంటే నయంగానే నడిపారట. అన్నిటికంటే పెద్ద కథ 1956 ఏప్రిల్‌ది. లండన్‌లో బి.బి.సి. టీవీలో, అప్పటికప్పుడు జరుగుతున్నది జరుగుతున్నట్టు చూపిస్తుంటే, బల్ల మీద పడుకోబెట్టిన అమ్మాయిని కరెంటు రంపంతో నడిమికి కోశాడు. తర్వాత లేపాలి కదా? చేతులు రుద్దాడు, పిలిచాడు. ఆ పిల్ల లేవలేదు. ఇంతలో టీవీ వాళ్ల పెద్దమనిషి ముందుకొచ్చి, ఇవాళ్టికి ఇంతే, సెలవు, అనేశాడు. ఇంకేముంది, హత్య జరిగిపోయిందని జనం ఫోన్ల మీద ఫోన్లు! మర్నాడు పేపర్లన్నీ అదే గోల. ఆ పిల్ల సుబ్బరంగా ఉంది. సమయం దాటిపోయిందంతే. సమయం దానంతటదే దాటిందా, సర్కార్ గారే దాటించారా అంటావా? నాటకాల రాయుళ్ల పార్శిళ్లు ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి, నా అనుమానం నాకుంది. కొత్త ఊళ్లో టిక్కెట్లు అమ్ముడుపోవాలంటే అంతకంటే చవకైన దండోరా ఏముంది?

1971 జనవరి 6న జపాన్‌లో, హొక్కైడో దీవిలో ఆట ఆడి గుండె ఆగి పోయాడు. ఆ మిగతా ఊళ్ల ఆటలు కొడుకు పూర్తి చేశాడు.

నేను కలకత్తాలో చూసిన దాంట్లో రంపాలూ మంటలూ కావురా నాకు గుర్తుండిపోయినవి. ఓ చెంబు. ఆటకీ ఆటకీ మధ్య తీరిగ్గా ఆ చెంబు దగ్గరికొచ్చి, ఉన్న నీళ్లన్నీ వంపేసేవాడు. చుక్క లేకుండా బోర్లించి చూపించేవాడు. పది నిమిషాలకి మళ్లీ వచ్చి అదే చెంబులోంచి మళ్లీ ధారగా నీళ్లు పోసేవాడు. గంగ ఎండినా ఆ చెంబు ఎండేలా లేదు. 'వాటర్ ఆఫ్ ఇండియా' అంటారు దాన్ని. పక్కనున్న బెంగాలీ ముసలాయన ప్రతిసారీ నా తొడ మీద చరిచి నవ్వేవాడు. ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ తొడ నొప్పి రెండ్రోజులుంది, చెంబు మోజు మాత్రం పోలేదు.

ఆ చెంబు నాకెలా దొరికిందో చెప్తాను, ఆ కర్ర కాస్త ముందుకు తోసి విను. 1973లో ఓ చిన్న గారడీ సమాజం వాళ్ల మూడు ట్రంకులు మా గోదాముకొచ్చి, తీసుకెళ్లేవాడు లేక పడున్నాయి. గడువు తీరాక వేలం. మా ఆఫీసువాణ్ణి నేనే పాడితే ఏం బాగుంటుంది? అంచేత పాత ఇనప సామాను కొనే ఒకాయన చెవిలో వేశాను, ఆ ట్రంకు ఒకటి పాడి నాకివ్వవయ్యా, రెండు రూపాయలు పైన పుచ్చుకో అని. బేరగాడి ముందు మనసు విప్పకూడదురా. ఆయన నలభై ఒక్క రూపాయలకి పాడి, నా మొహం చూసి డెబ్బై అయిదు అన్నాడు. ఇచ్చాను. మీ నాయనమ్మకి ఇరవై అని చెప్పాను. ఇవాళే మొదటిసారి నిజం చెప్పడం, గొంతు తగ్గించి విను.

ట్రంకు తెరిస్తే ఏముందనుకున్నావు? చెదలు తిన్న పట్టు రుమాళ్లు, ఈకలతో చేసిన పూలగుత్తులు, రేకు గొట్టం, రాళ్లూడిన తలపాగా, ఊదారంగు సిరాతో అచ్చేసిన కరపత్రాల కట్ట. ఆ కరపత్రం ఒకటి ఈ పుస్తకంలో పెట్టాను చూడు. 'ప్రొఫెసర్' ఫలానా. అప్పట్లో గారడీవాళ్లందరూ ప్రొఫెసర్లే, కాలేజీల్లో ఉన్నవాళ్లు ఉత్త మాస్టార్లు. ఊరి పేరు దగ్గరా తేదీ దగ్గరా చుక్కలు పెట్టి ఖాళీ వదిలారు, ఎక్కడికి పోతే అక్కడ కలంతో నింపుకోవడానికి. కుర్చీ రూపాయిన్నర, బెంచీ రూపాయి, నేల అర్ధరూపాయి. స్త్రీలకు ప్రత్యేక స్థలము. పసిపిల్లలు ఏడ్చిన యెడల బయటకు తీసుకుపోవలెను. వాటన్నిటి అడుగున, చిలుము పట్టి నల్లగా, నా చెంబు.

ఇక్కడ నేనో తప్పు చేశాను. చెంబుని పెరట్లో అరుగు మీద పెట్టి ఆఫీసుకి పోయాను. పాత ఇత్తడి పోగేసేవాళ్లు ప్రాణం పోయినా దాన్ని తోమరు. ఆ నలుపే దాని వయసు, దాని విలువ. మీ నాయనమ్మకి పాత ఇత్తడి అంటే మురికి ఇత్తడి. చింతపండు, ఇటుకపొడి పెట్టి బంగారంలా తోమి బోర్లించింది. నేను సాయంత్రం వచ్చి గుండె బాదుకుంటుంటే, "ఏమండీ, చిల్లుచెంబు కొనుక్కొచ్చారేమిటి?" అంది. ఏం చిల్లు? మెడ దగ్గర ఆవగింజంత చిల్లు. చిలుము పోవడంతో బయటపడింది. అంతటితో ఆగిందా? "దీనికి రెండు గోడలున్నాయి. నీళ్లు పోసి కడిగితే ఖాళీ అయినట్టే ఉండి మళ్లీ ఊరుతున్నాయి. ఈ చిల్లు మీద వేలు పెడితే ఊరడం లేదు, తీస్తే ఊరుతున్నాయి" అంది. నేను హౌరా మెయిల్లో రెండు రాత్రులు, ఆ తర్వాత ఏడేళ్లు బుర్ర చించుకున్నది, ఆవిడ అంట్ల దగ్గర అయిదు నిమిషాల్లో తేల్చేసింది. గాలి పోవడానికి దారిస్తే నీళ్లు కదులుతాయి, దారి మూస్తే ఆగుతాయి. మీ బళ్లో గొట్టం పైన వేలు పెట్టి చూపిస్తారే, అదే. ఇంతేనా, అన్నాను. "మరింకేముంటుందనుకున్నారు?" అంది మీ నాయనమ్మ.

ఆ తర్వాత నేను చదివినవన్నీ ఇలాగే తేలాయి. ఓసారి లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల బళ్ల దగ్గర ప్రొఫెసర్ హాఫ్‌మన్ రాసిన 'మోడరన్ మాజిక్' దొరికింది. 1876 నాటి పుస్తకం, నాకు దొరికింది ఎన్నో ముద్రణో, అట్ట లేదు, నాలుగు రూపాయలు. ఆ ప్రొఫెసరూ ప్రొఫెసర్ కాడు, ప్లీడరు! అక్కణ్ణించి ఒక్కో పుస్తకం. 1830 ప్రాంతంలో మద్రాసులో ఒకాయన గాల్లో కూర్చునేవాడట. శేషల్ అని తెల్లవాళ్లు రాసుకున్నారు. మన శేషయ్యో శేషాచలమో అయ్యుంటాడు. ఒక చెయ్యి నిలువు వెదురు మీద ఆనించి, మఠం వేసుకుని, నేలకి అందకుండా జపం చేసుకునేవాడు. కూర్చునేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం దుప్పటి అడ్డు పెట్టేవారు. దొరల ఇళ్లలో మేడమ్‌లు మూర్ఛపోయినంత పని. తీరా చూస్తే వెదురులోంచి అంగీ చేతిలోకి పోయే ఇనప కమ్మి. పదిహేనేళ్లు పోయాక పారిస్‌లో రాబర్ట్ హూడిన్ అనే ఆయన తన కొడుకునే అలా గాల్లో పడుకోబెట్టి, అప్పుడే డాక్టర్ల దగ్గరికొచ్చిన ఈథర్ మత్తు మహిమ అని చెప్పాడు. మనవాడు జపం అన్నాడు, ఆయన మందు అన్నాడు. కమ్మి మాత్రం ఒకటే.

ఆ హూడిన్నే 1856లో ఫ్రెంచి దొరతనం వాళ్లు అల్జీరియాకి పంపారు, మీ ఫకీర్ల కంటే మా మాంత్రికుడే గట్టివాడని చూపించడానికి. ఓ చిన్న పెట్టె తెచ్చి పెట్టాడు. పసిపిల్లాడు ఎత్తగలిగిన పెట్టెని మరుక్షణంలో వస్తాదు ఎత్తలేకపోయాడు. నేల కింద కరెంటు అయస్కాంతం! ఈయన మీద భక్తితోనే అమెరికాలో ఎరిక్ వైస్ అనే కుర్రాడు హూడినీ అని పేరు మార్చుకున్నాడు. పేరొచ్చాక 1908లో ఆ గురువుగారినే దొంగ అంటూ ఓ పుస్తకం రాసి పారేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసిన బాపతు. కానీ పుస్తకాలు పోగెయ్యడంలో మహా గట్టివాడు. 1926లో పోతూ పోతూ వాటిని వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి రాసిచ్చాడు. నాలుగు వేలకి పన్నెండు తక్కువ.

ఇక తాడు గారడీ! తాడు ఆకాశానికి విసిరితే కర్రలా నిలబడుతుందనీ, పిల్లాడు ఎక్కి మాయమవుతాడనీ, మన దేశంలో గల్లీగల్లీకీ జరుగుతుందనీ దొరలు నమ్మారు. 1890లో షికాగో పేపరు ఒకటి, చూసివచ్చిన ఇద్దరు కుర్రాళ్ల కథ అంటూ వేసింది. నాలుగు నెలల తర్వాత, అది మేమే కల్పించాం, చందాదారులు పెరుగుతారని, అని ఒప్పుకుంది. ఒప్పుకున్నది ఎవడు చదివాడు? అబద్ధం మాత్రం అన్ని భాషల్లోకీ పోయింది. 1934లో లండన్ మాజిక్ సర్కిల్ వాళ్లు, బయట ఆరుబయల్లో చేసి చూపిస్తే అయిదు వందల గినీలిస్తామన్నారు. మనవాళ్లలో ఒక్కడూ వెళ్లి పుచ్చుకోలేదు. ఎవరికైనా వచ్చుంటే మా గారడీ తాత వంద రూపాయలకి నాకే నేర్పేవాడు.

బొమ్మల గోల ఇంకోటుంది. అమెరికాలో సిన్సినాటిలో, జర్మనీలో హాంబర్గ్‌లో గారడీవాళ్లకి గోడపత్రికలు అచ్చువేసేవారు. రాతి మీద బొమ్మ గీసి, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. కెల్లర్ అనే ఆయన భుజం మీద చిన్న ఎర్రభూతాలు కూర్చుని చెవిలో రహస్యాలు ఊదుతుంటాయి. అసలు బొమ్మ చూస్తే అచ్చమైన కుంకుమరంగు అంటారు. గోడకి అంటించి చింపి పారెయ్యడానికి చేసిన కాగితాలవి. అంటించకుండా మిగిలినవే మిగిలాయి. నేనూ ఓసారి బీసెంట్ రోడ్డు దగ్గర గోడ మీద తాజా పోస్టరు చూసి మోజుపడి, రాత్రి పదకొండింటికి నీళ్ల చెంబూ గుడ్డా పట్టుకుని పోయాను. మైదా జిగురు పచ్చిగానే ఉంది. సగం దాకా బాగా వచ్చింది. వెనకాల బీటు పోలీసు దగ్గాడు. ఆ సగమే నా దగ్గరున్నది. ఒక కన్ను, సగం తలపాగా, 'మా' అన్న అక్షరం. ఆ కానిస్టేబుల్ పాపం మంచివాడు, ఈ వయసులో ఈ పనేంటి గుమాస్తాగారూ అని టీ తాగించి పంపాడు.

పోగేసేవాళ్లలో కోటీశ్వర్లున్నారు. డేవిడ్ కాపర్‌ఫీల్డ్ అనే ఆయన 1991లో ఒక్క గ్రంథాలయం మొత్తంగా 22 లక్షల డాలర్లు పోసి కొన్నాడు. లాస్ వేగాస్‌లో అన్నీ భద్రంగా పెట్టాడట. నా భద్రత ఎండు వేపాకు, కర్పూరం ఉండలు, మీ అమ్మ దయ. కానీ ఆ గాజు బీరువాల్లో ఉన్న కాగితాల మనుషులు ఎలా బతికారో తెలుసా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. మద్రాసు వైపు నుంచి లండన్ పోయిన రామస్వామి అని ఒకడున్నాడు. వాళ్లు రామో సామీ అన్నారు. కత్తులు మింగి, ఇత్తడి బంతులు గాల్లో ఆడించి, దొరల రాజధానిని ముప్పై ఏళ్లపాటు ఊపాడు. 1850లో అక్కడే పోతే, పూడ్చిపెట్టడానికి పెళ్లాం చేతిలో డబ్బు లేదు. వాడి ఆటల పత్రికలు ఇవాళ అట్టల మధ్య పెట్టి దాస్తారు.

మంట తగ్గుతోంది, ఆ పాత తలుపుచెక్క వెయ్యి. ఊఁ. ఇప్పుడీ పెట్టె. చిలక బొమ్మ వెలిసిపోయింది గానీ టేకు గట్టిది. జానెడు పొడుగు. ఇటు మూత, అటూ మూత. ఈ పక్క పావలా పట్టేంత కన్నం. లోపల ఒక స్ప్రింగు, తెగిన నరం దారం. ఆ ట్రంకులోదే ఇది కూడా. ఊపితే చప్పుడు లేదు, తెరిస్తే ఏమీ లేదు. దీంతో ఏం చేసేవారో నాకు తెలీదు. ముగ్గురు గారడీవాళ్లకి చూపించాను, ముగ్గురూ ప్రొఫెసర్లే. ఒకడు కోడిగుడ్డు మాయం చెయ్యడానికన్నాడు, ఒకడు గడియారానికన్నాడు, ఒకడు పిట్టకన్నాడు. ఒకాయన విప్పి చూస్తే తెలిసిపోతుందని స్క్రూడ్రైవరు కూడా తీశాడు. నేను పెట్టె చంకలో పెట్టుకుని లేచొచ్చేశాను.

ఇటు తిప్పు, మంట వెలుగులో మూత లోపలివైపు చూడు. పెన్సిలుతో ఏమైనా కనిపిస్తోందా? 'ఎడమ'. పక్కన ఓ బాణం. ఆ చేతిరాత తప్ప ఆ ప్రొఫెసరు నాకేమీ చెప్పి పోలేదు. ఎడమ అంటే ఆడేవాడి ఎడమా, చూసేవాళ్ల ఎడమా? యాభై ఏళ్ల నుంచి ఆ ఒక్క మాట దగ్గరే ఉన్నాను.

ఏం చేస్తున్నావ్? మెల్లగా. బొటనవేలు అక్కడ కాదు... ఏదో టిక్కుమంది. టిక్కుమందా? నాకు చెవులు సరిగా లేవు, నువ్వు విన్నావు కదూ? మొహం ఏంట్రా అలా పెట్టావు?

వద్దు, వద్దు. నాకు చూపించకు. చెప్పకు కూడా. మూసెయ్యి. మూసి అటక మీద పెట్టు, దీని సంగతి నీకూ దానికీ. నీళ్లు కాగినట్టున్నాయి, ముందు వెళ్లి మీ నాయనమ్మకో బకెట్ తోడి పెట్టు.